'బ్యాటరీ పోయిందన్నా' గారికి ఒక లేఖ

హనుమకొండ,
మే నెల, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ 'బ్యాటరీ పోయిందన్నా' గారికి,

నమస్కారాలు. మీరు మనిషి కాదు, ఉత్త మాట. అయినా మా కాలనీలో మీకున్న పలుకుబడి ఎవరికీ లేదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల పరకాలలో పెళ్లి. కారు వెనక సీట్లో మా అత్తగారు పట్టుచీర నలగకుండా కూర్చున్నారు. తాళం తిప్పాను. 'టక్' అంది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఒకే ఒక్క టక్. బానెట్ ఎత్తక ముందే మీరు వేంచేశారు. ముందు పాలబ్బాయి నోట, బండి కూడా దిగకుండానే. తర్వాత పై అంతస్తు బాల్కనీలోంచి, నోట్లో బ్రష్షుతో. తర్వాత వాచ్‌మన్ చేత పలికారు. చివరికి వెనక సీట్లోంచి, "బ్యాటరీ పోయినట్టుంది బిడ్డా" అని. ఆమె జన్మలో స్టీరింగ్ ముట్టలేదు. మీ వ్యాప్తి అలాంటిది!

ఇంతమంది చెప్పాక కాదనడానికి నేనెవర్ని? ఫోన్ చేస్తే కొత్త బ్యాటరీ ఇంటికే వచ్చింది. 5,400 రూపాయలు. పాతదాన్ని 800కి పట్టుకుపోయారు. తాళం తిప్పితే బండి స్టార్టయింది. అందరూ నా వైపు 'మేం చెప్పలేదా' అన్నట్టు చూశారు. జీలకర్ర బెల్లం అయిపోయింది గానీ భోజనాలకు అందుకున్నాం.

మూడో రోజు కాజీపేట స్టేషన్ బయట మళ్లీ టక్.

అక్కడా మీరే. ఆటోల దగ్గరి నుంచి నడుచుకుంటూ వచ్చారు. "మొన్ననే కొత్తది వేయించాను" అంటే, "అయితే డూప్లికేట్ అంటగట్టిండన్నా" అన్నారు. ఓటమి ఒప్పుకోరు కదా మీరు!

ఆ పక్క సందులో ఒక ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. అందరూ చాచా అంటారు. ఆయన ఏమీ అనలేదు. మొదట హెడ్‌లైట్లు వేయమన్నాడు. "ఇప్పుడు తిప్పు" అన్నాడు. టక్. లైట్లు రెప్ప వేయలేదు. తర్వాత మీటర్ వైర్లు బ్యాటరీకి ఆనించాడు. 12.6 వోల్టులు. తాళం తిప్పినా ఆ అంకె కదిలీ కదలనట్టుంది.

"ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటర్ నిజంగ తిరగాలంటే వంద ఆంపియర్లకు పైనే గుంజుతది సార్. గుంజితే లైట్లు డిమ్ము గావాలె, అంకె పదీ పదకొండుకు దిగాలె. ఏం దిగలే. అంటే కరెంటు మోటర్‌దాక పోతలేదు" అన్నాడు. వంగి, స్పానర్‌తో సెల్ఫ్ మీద రెండు సార్లు మెల్లగా తట్టి, "తిప్పు" అన్నాడు. స్టార్ట్! సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చు, అదే సోలినాయిడ్, దాని లోపలి రాగి కాంటాక్టులు కాలిపోయాయట. అవి ఓసారి తగులుతాయి, ఓసారి తగలవు. పెళ్లిరోజు తగిలాయి. ఆ పుణ్యం మీ ఖాతాలో పడింది.

చాచా ఇంకోటి కూడా చెప్పాడు. టకటకటకమని వరసగా కొట్టుకుంటూ లైట్లు కూడా వాడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించాలట. సోలినాయిడ్ లాగుతుంది, వోల్టేజీ కూలుతుంది, వదిలేస్తుంది, మళ్లీ లాగుతుంది. అదీ ఆ చప్పుడు. అప్పుడు కూడా ముందు టర్మినళ్లు చూడాలి. వాటికి తెల్లగా, పచ్చగా ఉప్పు పట్టినా, క్లాంపు వదులైనా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా అదే టకటక. గీకి బిగిస్తే పైసా ఖర్చు లేదు.

మీకు అన్యాయం చేయను. చాలాసార్లు మీరు నిజమే. మన ఎండలకు బ్యాటరీ మూడు నాలుగేళ్లు నిలిస్తే గొప్ప. మీ వయసు కూడా ఎక్కువేం కాదు లెండి. 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ కనిపెట్టిన సెల్ఫ్ వచ్చేదాకా, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పేవాళ్లు. అప్పుడు బండి కదలకపోతే చెయ్యి పోయిందనేవాళ్లేమో.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ, "డాక్టర్ బీపీ చూడకుండనే గోళీలు రాస్తే ఊకుంటరా మీరు?" అంది. పెళ్లిరోజు ఆమె కూడా మీ పక్షమే. ఇప్పుడు గుర్తు లేదట.

నిన్న ఎదురింటాయన కారు టకటకమంది. నేనే చెప్పుల్లేకుండా పరుగెత్తాను. మైనస్ క్లాంపు చేత్తో పట్టుకుంటే గాజులా తిరిగింది. ఉప్పు గీకి బిగించాను. ఒక్క తిప్పుకే స్టార్ట్. ఆయన నాకు చాయ్ కూడా పోయించాడు.

సాయంత్రానికి కొత్త బ్యాటరీ వేయించుకుని వచ్చాడు. ఎందుకన్నా అంటే, "ఏమో, అందరు పోయిందంటున్నరు గదా" అన్నాడు.

ఇట్లు,
బంగారంలాంటి బ్యాటరీని 800కి అమ్ముకున్న
మీ బాధితుడు