ధర కాదు, పైసలు ఎవరివో చూడాలి

పెబ్బేరు అంగడిలో ఎడ్ల బేరం చూసినవాళ్లకు తెలుసు. మారుబేరగాడు తువ్వాల కింద రైతు వేళ్లు పట్టుకుని ధర చెప్తాడు. ఆ అంకె వాళ్లిద్దరి మధ్యే ఉంటుంది. కానీ మనుషులు దాగరు. కొనేవాడిది ఏ ఊరో, అమ్మేవాడికి ఏమవుతాడో చుట్టూ ఉన్న పది మందికీ తెలుసు. బావమరిదితో ఉత్తుత్తి బేరం ఆడించి కోడెల ధర పెంచాలని చూస్తే పక్కవాడే పసిగడతాడు.

ఎన్ఎఫ్‌టీలు, అంటే ఎవరివో ఆన్‌లైన్ ఖాతాపుస్తకంలో నమోదై ఉండే డిజిటల్ బొమ్మల్లాంటివి, అమ్ముడయ్యే బజారులో ఇది తలకిందులు. ప్రతి ధరా, ప్రతి చేతిమార్పూ బ్లాక్‌చెయిన్ అనే ఆ ఖాతాపుస్తకం మీద అందరికీ కనిపిస్తుంది. మనిషి మాత్రం కనిపించడు. ఒక్కడే పది వాలెట్లు (క్రిప్టో పైసలు, బొమ్మలు ఉంచుకునే పేరులేని ఖాతాలు) తెరిచి తన బొమ్మను తానే కొనుక్కోవచ్చు. దీన్నే వాష్ ట్రేడింగ్ అంటారు.

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే మా మేనల్లుడు ఒకరోజు ఫోన్ చేసి, "మామా, ఈ బొమ్మ వారంలో మూడింతలైంది, నలభై వేలు పెడదామనుకుంటున్నా" అన్నాడు. ఆదివారం నల్లగొండకు రమ్మన్నాను. ల్యాప్‌టాప్‌లో ఆ బొమ్మ అమ్మకాల చరిత్ర తెరిచి, ఒక్కో వాలెట్ చివరి నాలుగు అక్షరాలు నోటుబుక్కులో రాసుకుంటూ పోయాం. మొత్తం నాలుగే వాలెట్లు. మొదటిది రెండోదానికి అమ్మింది, రెండోది మూడోదానికి, మూడోది నాలుగోదానికి, నాలుగోది మళ్లీ మొదటిదానికి. బాణాలు గీస్తే గుండ్రంగా తిరిగి మొదటికే వచ్చాయి. ఆ నాలుగింటికీ తొలి పైసలు ఎక్కడి నుంచి వచ్చాయో చూశాం. ఒకే రాత్రి, ఒకే వాలెట్ నుంచి, సమానంగా పడ్డాయి. వాడు చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాడు.

మాకు రెండు గంటలు పట్టిన ఈ పనిని ప్రోగ్రామ్ క్షణాల్లో చేస్తుంది. వాలెట్లను చుక్కలుగా, అమ్మకాలను బాణాలుగా తీసుకుని, గుండ్రంగా తిరిగే దారులను వెతుకుతుంది. కొని ఎన్ని నిమిషాల్లో అమ్మారు, అదే కలెక్షన్‌లో మిగతావాటి ధరకు ఇది ఎంత దూరంలో ఉంది అన్నవి కూడా చూస్తుంది. అయితే నా లెక్కలో అన్నిటికన్నా గట్టి ఆధారం తొలి పైసలే. కొత్త వాలెట్లు ఎన్నైనా పుట్టించొచ్చు, కానీ వాటిలో ముందు ఎవరో ఒకరు డబ్బు వెయ్యాలి.

2021 అక్టోబర్ 28న క్రిప్టోపంక్ 9998 అనే బొమ్మ 1,24,457 ఈథర్లకు (ఈథర్ ఒక క్రిప్టో కరెన్సీ) అమ్ముడైనట్టు రికార్డైంది. అప్పటి విలువలో 53 కోట్ల డాలర్ల పైమాటే. అప్పుగా తెచ్చిన ఈథర్లతో యజమానే తన రెండో వాలెట్ ద్వారా కొనుక్కుని, అదే లావాదేవీలో అప్పు తీర్చేశాడు. దీన్ని ఫ్లాష్ లోన్ అంటారు. ధర మాత్రమే చూసినవాడికి అది ప్రపంచ రికార్డు. పైసల దారి చూసినవాడికి అక్కడ బేరమే లేదు.

బ్లాక్‌చెయిన్ లావాదేవీలను విశ్లేషించే చైనాలిసిస్ సంస్థ 2022 ఫిబ్రవరిలో ఇదే దారి పట్టి చూసింది. తామే డబ్బు వేసిన వాలెట్లకు 25 సార్లకు మించి అమ్ముకున్న 262 మంది దొరికారు. ఫీజులు పోను 152 మంది నష్టపోయారు. మిగతా 110 మంది మాత్రం దాదాపు 89 లక్షల డాలర్లు వెనకేసుకున్నారు. ఆ సొమ్ము చాలావరకు పెరిగిన ధరను నమ్మి కొన్నవాళ్లదే అయి ఉండాలి. మా మేనల్లుడూ కొనబోయి ఆగినవాడే. అందుకే ఈ విషయం నాకు ఇంత బాధగా ఉంటుంది.

అలాగని టూల్ ఎర్రజెండా చూపగానే దొంగ అనేయకూడదు. నల్లగొండలో ఒకరు, గద్వాలలో ఒకరు క్రిప్టో కొని అమ్మే ఒకే ఎక్స్‌ఛేంజ్ నుంచి ఈథర్ తీసుకుంటే, ఇద్దరికీ పైసలు ఒకే వాలెట్ నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. ఎక్స్‌ఛేంజ్‌ల వాలెట్ల జాబితాను ముందే పక్కన పెట్టకపోతే అమాయకులు ఇరుక్కుంటారు. బొమ్మను కుదువ పెట్టి అప్పు తీసుకుని, తీర్చి విడిపించుకున్నా, వస్తువు పోయి తిరిగొచ్చినట్టే ఉంటుంది. కాబట్టి చివర్లో మనిషి కూర్చుని చూడాల్సిందే.

మరి ఈ జల్లెడ ఎవరు పట్టాలి? అమ్మకం జరిగిన ప్రతిసారీ ఫీజు తీసుకునే మార్కెట్‌ప్లేస్‌లే పట్టాలి. కానీ 2022 జనవరిలో మొదలైన లుక్స్‌రేర్ అనే మార్కెట్‌ప్లేస్, ఎంత ఎక్కువ వ్యాపారం చేస్తే అన్ని టోకెన్లు (తన సొంత క్రిప్టో నాణేలు) అని బహుమతి పెట్టింది. జనం ఫీజు కట్టి మరీ బొమ్మలను అటూ ఇటూ తిప్పారు. మన దగ్గర షేర్ల విషయంలో ఇలాంటి ఉత్తుత్తి లావాదేవీలను సెబీ 2003 నిబంధనలు నిషేధించాయి. ఎన్ఎఫ్‌టీల మీద మాత్రం 2022 ఏప్రిల్ నుంచి లాభంలో 30 శాతం పన్ను వచ్చింది, కొనేవాడికి ఆ స్థాయి రక్షణ ఇంకా రాలేదు. ఒక బొమ్మలో పోయిన సొమ్మును ఇంకో బొమ్మ లాభంలోంచి తీసేసుకోవడానికి కూడా వీల్లేదు.

సైటులో ధర పక్కనే మూడు అంకెలు ఉండాలని నా డిమాండ్: నిజంగా వేర్వేరు కొనుగోలుదారులు ఎందరు, వాళ్లలో ఒకే చోటి నుంచి పైసలు అందుకున్నవాళ్లు ఎందరు, అనుమానాస్పద అమ్మకాలు తీసేస్తే మిగిలే ధర ఎంత. ఆ రోజు మేం నోటుబుక్కులో రాసుకున్నవి ఇవే. కొనుగోలు బటన్ నొక్కకముందే ఇవి తెర మీద కనబడాలి.