వంద దగ్గర ఆగిపోయే తెలుగు లెక్క

ఈ వేసవిలో హైదరాబాదు వెళ్లినప్పుడు, నల్లకుంటలో మా బాబాయిగారు కరెంటు బిల్లు వెనకవైపు 12345654321 అని రాసి, మా పదేళ్ల అమ్మాయిని చదవమన్నారు. బిలియన్లలో గడగడా చదివేసింది. తెలుగులో చదవమంటే మాత్రం నోరు మెదపలేదు, ఎందుకంటే మన వారాంతపు తెలుగు తరగతిలో అంకెల పాఠం వంద దగ్గర ముగిసిపోతుంది. ఇది సరిదిద్దవలసిన లోటని నా అభిప్రాయం.

బాబాయిగారు మన పద్ధతిలో కామాలు పెట్టారు: 12,34,56,54,321. పన్నెండు వందల ముప్పై నాలుగు కోట్ల యాభై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి. అంకెలు ఒకటి నుంచి ఆరు దాకా మెట్లెక్కి మళ్లీ దిగుతున్నాయని అప్పుడు పిల్ల గమనించింది. ఇది 111111 యొక్క వర్గం. హెచ్చవేత వేస్తే, ఒక్కొక్క స్థానం ఎడమకు జరుగుతూ ఆరు వరుసల ఒకట్లు వస్తాయి. నిలువుగా కూడితే అంచున ఒకటి, నడుమ ఆరు, మళ్లీ అవతలి అంచున ఒకటి తేలుతాయి. చేతిలో మిగిలేది ఏమీ ఉండదు కనుకనే వరుస చెదరలేదు.

9వ శతాబ్దపు గణితవేత్త మహావీరాచార్యులు తన సంస్కృత గ్రంథం గణిత సార సంగ్రహంలో ఇదే సంఖ్యను 27994681, 441ల లబ్ధంగా చూపారు. 111111 అంటే 3, 7, 11, 13, 37ల లబ్ధం. అందులో 3, 7లను ఒక పక్కకు తీస్తే 21, మిగిలినవి గుణిస్తే 5291, ఆ రెండింటి వర్గాలే ఆయన తీసుకున్న సంఖ్యలు. ఇటువంటి ఫలితాలను ఆయన కంఠాభరణాలతో పోల్చారు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. వేమన పద్యాలు వల్లె వేయించే మనం, తెలుగులో లెక్కలకూ పద్యాలున్నాయన్న మాటైనా పిల్లల చెవిన వేయడం లేదు.

బడిలో మిలియన్లు, ఇంట్లో లక్షలు అయితే పిల్లలు తికమక పడతారని కొందరు తల్లిదండ్రులు అంటారు. నాకు ఆ భయం లేదు. రెండు భాషలు మాట్లాడే పిల్లకు రెండు రకాల కామాలు బరువా? వంద వరకు అప్పజెప్పించే సమయంలో సగం తగ్గించి, ఇలాంటి ఒక్క సంఖ్యను విప్పి చూపితే, కోట్లు, లక్షలు వాటంతట అవే నోటికి వస్తాయి.

తిరుగు ప్రయాణం నాడు, శంషాబాదు విమానాశ్రయంలో వరుసలో నిలబడి, మా అమ్మాయి పది ఒకట్ల వర్గం వేసింది. 1234567900987654321 వచ్చింది. "నాన్నా, ఎక్కేటప్పుడు ఎనిమిది ఏదీ?" అంది. నడిమి వరుసలో పది వచ్చింది; సున్నా వేసి, చేతిలో ఒకటి. దాన్ని పక్కనున్న తొమ్మిదికి కలిపితే మళ్లీ పదే. ఆ ఒకటి పోయి ఎనిమిదిని తొమ్మిది చేసింది.