పాత లాప్‌టాప్‌ను తూకానికి వేయమంటున్న మెసేజ్‌కు జవాబు

"విండోస్ 10 పని అయిపోయింది. 2018కి ముందు కొన్న లాప్‌టాప్‌లు ఇక తూకానికే. ట్రిక్‌తో 11 ఎక్కించుకోవచ్చు. అప్‌డేట్లే సిస్టమ్‌ను స్లో చేసేవి, ఆపేయండి. లేదా లినక్స్ వేసుకోండి, అన్నీ అలాగే నడుస్తాయి." తిరుపతి, చిత్తూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మాటలివి.

పని అయిపోయిందా? 2025 అక్టోబర్ 14తో ఆగింది మామూలు అప్‌డేట్లే, సిస్టమ్ కాదు. ఇళ్లలో వాడేవాళ్లు ఈఎస్‌యూ అనే మైక్రోసాఫ్ట్ అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే పైసా కట్టక్కర్లేదు. ముందు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో విన్‌వర్ (winver) కొట్టి చూడండి, వెర్షన్ 22హెచ్2 అని ఉండాలి. ఆపైన విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది.

2018కి ముందువన్నీ పనికిరావా? కొన్న ఏడాది కాదు, ప్రాసెసర్ తరం చూడాలి. ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5-8250యూ 2017లోనే వచ్చింది, విండోస్ 11కు సరిపోతుంది. 2018లో వచ్చిన ఐ3-7020యూ మాత్రం ఏడో తరానిది, సరిపోదు. తరం సరిపోయినా "టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) లేదు" అంటే కంగారుపడి షాపుకు పరుగెత్తొద్దు. చాలాసార్లు అది బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, ఆఫ్‌లో ఉంటుంది: ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాన్ని సస్పెండ్ చేశాకే బయోస్ ముట్టుకోండి, లేకుంటే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చుంటుంది. డిస్క్ ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉండగా బయోస్‌లో బూట్ పద్ధతిని పాత లెగసీ నుంచి కొత్త యూఈఎఫ్‌ఐకి మార్చేస్తే బూట్ డివైస్ లేదంటుంది. విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో ముందు వాలిడేట్ (సరిచూడటం), తర్వాత కన్వర్ట్ (మార్చడం), ఆ తర్వాతే బయోస్ మార్పు. ఈ వరస తప్పితేనే "లాప్‌టాప్ పోయింది" అని రిపేర్ కోసం తిరుపతి లీలామహల్ సర్కిల్ దాకా మోసుకెళ్లాల్సి వస్తుంది.

ట్రిక్ సంగతి, అంటే సరిపోని యంత్రంలో తనిఖీలు దాటేసి విండోస్ 11 ఎక్కించడం. ఎక్కుతుంది, నిజమే. కానీ ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ దానంతట అది రాదు, మళ్లీ చేత్తో ఎక్కించాలి. కోర్ 2 డ్యుయో అనే పాత ప్రాసెసర్ మీదైతే విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ అసలు బూటే కాదు. ఆ ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం లేదు, దానికి ఏ ట్రిక్కూ లేదు.

ఇక అప్‌డేట్లే స్లో చేస్తాయన్నది. ఇందులో దోషి వేరే. టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్‌లో చూడండి. సీపీయూ 15, 20 శాతంలో ఉండి డిస్క్ 100 దగ్గర అతుక్కుపోయి ఉంటే, అది తిరిగే హార్డ్ డిస్క్ పడుతున్న ఆపసోపాలు. దాని బదులు తిరిగే భాగాలు లేని, వేగమైన 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 256 జీబీది చాలు, పాతదాన్ని క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ చేసి) అదే స్లాట్‌లో పెట్టండి. ర్యామ్ 4 జీబీ ఉంటే 8 చేయండి. ఆరో తరం ప్రాసెసర్ లాప్‌టాప్‌లలో కొన్నింటికి డీడీఆర్3ఎల్ రకం ర్యామ్, కొన్నింటికి డీడీఆర్4. గాడి వేరు కాబట్టి ఒకటి మరోదాంట్లో దిగదు. పాత ర్యామ్ ముక్క తీసి లేబుల్ చదివాకే కొనండి.

అప్‌డేట్ మధ్యలో చెడటానికి కారణాలు ఇంకా మామూలువి. సీ డ్రైవ్ నిండిపోతే చివర 70070 అని ఉండే ఎర్రర్ వస్తుంది. 20 జీబీ అయినా ఖాళీ చేయండి. బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్‌కు వేసవి సాయంత్రం గాలివానతో కరెంటు పోతే పని సగంలో తెగుతుంది. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన వేడిలో, పరుపు మీద పెట్టి అప్‌డేట్ నొక్కడమూ అలాంటిదే. దుమ్ము పట్టిన ఫ్యాన్ ఆ వేడికి తట్టుకోలేక యంత్రమే ఆరిపోవచ్చు. తెల్లవారుజామున, గట్టి బల్ల మీద, ఇన్వర్టర్ లైన్‌లో పెట్టి చేయండి.

లినక్స్? చదువుకీ బ్రౌజింగ్‌కీ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి లినక్స్ హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (డిస్క్‌లో ఎక్కించకుండానే) బూట్ చేసి వైఫై, సౌండ్ చూసుకోండి. అయితే "అన్నీ అలాగే" అన్నది డీటీపీ చేసేవాళ్ల కొంప ముంచే మాట. పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైప్ చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ లినక్స్ కోసం చేసినవి కావు. అనులో కొట్టిన పెళ్లిపత్రిక యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదివే అక్షర పద్ధతి) కాదు, ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. అలాంటి షాపులో పాత విండోస్ 10ను నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కే వదిలేసి, మెయిల్, బ్యాంకు పనులు వేరే యంత్రంలో చేసుకుంటే సరి.