బ్లీచింగ్ పౌడర్‌లో యాసిడ్ పోయమంటున్న ఆ తొమ్మిది సూత్రాలకు జవాబు

పది మంది కలిసి వాడుకునే వర్క్‌షాపులను నడిపే మిత్రుల మధ్య కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. "మందుల కంపెనీలు మీకు చెప్పని తొమ్మిది సూత్రాలు: ఇక మీ పనిచోటులో ఒక్క పురుగు కూడా మిగలదు" అన్నది దాని శీర్షిక. మొదటిసారి చదివి వదిలేశాను. ఆ తరువాత అదే సందేశం వేరువేరు వాళ్ల నుంచి, ప్రతిసారీ ఇంకొన్ని దండం బొమ్మలు తగిలించుకుని, వస్తూనే ఉంది. "మీరు శుభ్రత సంగతి చూస్తారు కదా, ఉపయోగపడుతుంది" అని పంపుతున్నవారి మంచితనాన్ని నేను శంకించడం లేదు. కానీ ఇందులో ఒక సూత్రాన్ని ఎవరైనా నిజంగానే పాటిస్తే ఆసుపత్రి పాలవుతారు కనుక ఇక ఊరుకోవడం సబబు కాదు. సందేశంలోని వరుసను నేను పాటించడం లేదు. ఎక్కువ హాని చేసేది ముందు వస్తుంది.

అందుచేత నాలుగో సూత్రంతో మొదలుపెడతాను. "రాత్రి తాళం వేసే ముందు బ్లీచింగ్ పౌడర్‌లో టాయిలెట్ క్లీనర్ యాసిడ్ కలిపి సింకులోనూ బాత్రూము జాలీలోనూ పోసి తలుపులు మూసేయండి, పొగ వస్తే భయపడకండి, మందు పనిచేస్తోందని దాని అర్థం." ఆ పొగ పేరు క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లోని హైపోక్లోరైట్‌కు టాయిలెట్ క్లీనర్‌లోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తగలగానే వెలువడేది అదే. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం ఎదుటి కందకాల మీదికి వదిలినదీ అదే. అప్పుడు కూడా మందు బాగానే పనిచేసింది. గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైన ఈ వాయువు పైకి తేలిపోకుండా నేలబారుగా పరుచుకుంటుంది. కందకంలో దాక్కున్నవాడికి ఆనాడు తప్పించుకునే దారి లేకపోవడానికీ, ఈనాడు జాలీ మీదికి వంగి పోస్తున్న మనిషి ముఖానికి అది ముందుగా తగలడానికీ కారణం ఒక్కటే.

ఇంట్లో ఈ పని చేసేవారికి తాము ఏమి పోశారో తమకైనా తెలుస్తుంది. ఉమ్మడి వర్క్‌షాపులో ఆ పాటి భరోసా కూడా లేదు. సాయంత్రం ఒక సభ్యుడు సర్క్యూట్ బోర్డును ఎచింగ్ చేసి (అంటే దాని మీది అక్కర్లేని రాగిని ఆమ్లంతో కరిగించి) మిగిలిన ఆమ్లాన్ని సింకులో పారబోసి ఉండవచ్చు, ఇంకొకరు ఇనుప ముక్కల తుప్పు వదిలించి ఆ నీళ్లను అక్కడే వంపి ఉండవచ్చు, వేరొకరు అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌తో బల్లలు తుడిచి ఆ గుడ్డను అందులోనే పిండి ఉండవచ్చు. ఆమ్లం మీద బ్లీచింగ్ పడితే క్లోరిన్, అమ్మోనియా మీద పడితే క్లోరమీన్లు అనే విషవాయువులు, రెండూ ఊపిరితిత్తులను కాల్చేవే. అంటే సందేశంలోని మిశ్రమాన్ని ఎవరూ కావాలని కలపకపోయినా, బ్లీచింగ్ ఒక్కటే పోసినా, ప్రమాదం పొంచి ఉన్న చోటు ఇది. అటువంటి చోట రెండింటినీ చేతులారా కలిపి, పైగా తలుపులు కూడా మూసేయమని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో నాకు అర్థం కావడం లేదు. మరునాడు పొద్దున్నే తలుపు తీసేవారి గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క కూడా లేదు.

ఇప్పటికే ఎవరైనా కలిపేసి ఉంటే, కడిగేద్దామని లోపలికి తిరిగి వెళ్లకుండా, ఉన్న మనుషులందరూ వెంటనే ఆరుబయటికి వచ్చేయాలి. కళ్లు మండుతుంటే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. దగ్గు తగ్గింది కదా అని ఇంటికి వెళ్లి పడుకోవడం మంచిది కాదు; ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం కొన్ని గంటల తరువాత మొదలయ్యే అవకాశం ఉంది కాబట్టి, ఆయాసం ఏ మాత్రం ఉన్నా డాక్టరుకు చూపించుకోవాలి.

ఇంత చేసినా బొద్దింకలు చస్తాయా అంటే, అదీ లేదు. జాలీలోంచి పైకి వచ్చే పెద్ద ఎర్ర బొద్దింకలు మురుగు గొట్టాల వ్యవస్థ పొడవునా ఉంటాయి. సింకు దగ్గర పోసిన చెంబెడు మందు వాటిలో ఎన్నింటిని చేరుతుంది? అవి లోపలికి రావడానికి సాధారణమైన కారణం, ఎవరూ వాడని సింకు కింద వంపు గొట్టంలో నిలిచి ఉండవలసిన నీరు ఆరిపోవడం. వాసననూ పురుగులనూ అడ్డుకునే మూత ఆ నీరే. వారానికోసారి అందులో ఒక మగ్గు మంచినీళ్లు పోసి, జాలీకి సన్నని వల బిగిస్తే సరిపోతుంది. అంత చప్పగా ఉండే సలహాను ఎవరూ ఫార్వర్డ్ చేయరని నాకు తెలుసు.

ఇక మొదటి సూత్రం, నా దృష్టిలో విషవాయువు తరువాత అంతటి హాని చేసేది: "శుభ్రమైన మనుషులున్న చోటికి బొద్దింక రాదు, మొదట ఎవరి అలమారలో కనబడిందో వారిని తొలగించండి." వర్క్‌షాపుల్లో స్థిరపడేది ఎక్కువగా జర్మన్ బొద్దింక అనే చిన్న రకం. ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు, తల వెనుక రెండు నల్లటి గీతలు ఉంటాయి. అది ఎగరదు, ఆరుబయట బతకడం దానికి దాదాపు చేతకాదు. అట్టపెట్టెల మడతల్లోనో, ఎవరో దానంగా ఇచ్చిన పాత ఫ్రిజ్ మోటారు వెనుకనో, పాత ప్రింటరు లోపలనో ప్రయాణం చేసి వస్తుంది. సబ్బుతో రోజుకు మూడుసార్లు చేతులు కడుక్కునే సభ్యుడు తెచ్చిన పెట్టెలోనూ రాగలదు. (విదేశీ పార్సిళ్లతో దిగుమతి అయిన జర్మనీ పురుగు అని సందేశం దీని మీద కోప్పడింది. 1767లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానికి ఆ దేశం పేరు పెట్టిన మాట నిజమే. 2024లో వెలువడిన జన్యు పరిశోధన మాత్రం దాని పుట్టుక దక్షిణాసియాలోనని తేల్చింది. దిగుమతి ఎటునుంచి ఎటు జరిగిందో ఆలోచించుకోవచ్చు.)

శుభ్రత లేకపోతే అవి పెరుగుతాయి, కాదనను. కానీ రావడం వేరు, పెరగడం వేరు. ఆ రెండింటినీ కలిపేసి మొదట చూసినవాడి మీద నేరం మోపితే జరిగేది ఒక్కటే: ఎవరూ చెప్పరు. తన సొరుగులో బొద్దింక కనబడిన మనిషి దాన్ని చెప్పుతో కొట్టి, చప్పుడు కాకుండా కాగితంలో చుట్టి పారేసి, మౌనంగా కూర్చుంటాడు. ఒక్క ఆడపురుగు మోసుకుతిరిగే గుడ్ల తిత్తిలో ముప్పై నుంచి నలభై గుడ్లుంటాయి, పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవై మళ్లీ గుడ్లు పెడతాయి; మొదటి వారంలో నోరు విప్పితే సొరుగుతో పోయేది, ఆరు నెలల మౌనం తరువాత భవనం మొత్తాన్ని పట్టుకుంటుంది. కనబడినట్టు చెప్పిన సభ్యుడికి కృతజ్ఞతలు చెప్పే పద్ధతి ఉన్న చోటే ఈ తెగులు త్వరగా దొరుకుతుంది. గోడల అంచుల వెంట జిగురు అట్టలు పెట్టి, ఏ అట్టకు ఎన్ని అంటుకున్నాయో వారం వారం రాసుకుంటే, మకాం ఎక్కడ ఉన్నదో ఎవరినీ నిందించకుండానే తెలిసిపోతుంది.

"నెలకోసారి స్ప్రే కొడితే చాలు, వేరే ఏమీ అక్కర్లేదు" అన్నది ఐదో సూత్రం. డబ్బా స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరిత్రాయిడ్ మందులకు చాలా చోట్ల జర్మన్ బొద్దింకలు అలవాటుపడిపోయాయి. చావనివి ఆ ఘాటు నుంచి పారిపోయి పక్క గదిలో, గోడ లోపల కొత్త కాపురాలు పెడతాయి. తిత్తిలోని గుడ్లకు ఆ మందు సరిగా అంటదు. ఆపైన, ఆ డబ్బాల్లోంచి మందును తోసే వాయువు చాలా వాటిలో మండే స్వభావం గలది. గ్రైండరు నిప్పురవ్వలు, వెల్డింగు మంట ఉన్న గదిలో దాన్ని దట్టంగా కొట్టమనేవారు ఒకసారి డబ్బా మీది హెచ్చరిక చదివితే బాగుంటుంది. దీనికంటే జెల్ ఎర మేలు. ఆవగింజంత చుక్కలుగా అలమార తలుపుల బందుల మూలల్లో, సింకు కింద పెడితే, తిన్న పురుగు వెంటనే చావక గూటికి చేరుతుంది, దాని మలాన్నీ శవాన్నీ తిన్న మిగతావాటికి కూడా విషం అందుతుంది. ఎర పెట్టిన చోట స్ప్రే కొడితే ఆ ఎరను అవి ముట్టవు, కాబట్టి రెండూ కలిపి వాడకూడదు. ఎర కూడా శాశ్వత పరిష్కారం కాదు: కొన్ని గుంపులు ఎరలోని గ్లూకోజును చేదుగా గుర్తించి వదిలేస్తాయని 2013లో శాస్త్రజ్ఞులు చూపించారు. పని చేయడం మానేసిన ఎరను మార్చాలి.

ఆరో సూత్రం ప్రతి మూలలో, ప్రతి సొరుగులో కలరా ఉండలు వేయమంటుంది. మూసిన పెట్టెలో బట్టల పురుగును ఆపగలిగే ఆ ఆవిరి, తెరిచి ఉన్న హాలులో పురుగులను తరమడానికి చాలదు కానీ మనుషులకు తలనొప్పి తెప్పించడానికి మాత్రం బ్రహ్మాండంగా సరిపోతుంది. నాఫ్తలీన్‌ను (చాలావరకు ఆ ఉండల్లో ఉండేది అదే) క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ చేర్చింది. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారిలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. తల్లిదండ్రులతో పాటు వచ్చే పిల్లలకు ఆ తెల్లటి ఉండ మిఠాయిలాగే కనబడుతుంది.

నిమ్మతొక్కలు, అల్ట్రాసోనిక్ యంత్రాలు (మన చెవికి వినబడని ధ్వనితో పురుగులనూ ఎలుకలనూ తరుముతామనేవి), పిల్లి: వీటిని సూచించే రెండు, మూడు, ఎనిమిది సూత్రాల మీద ఎక్కువ కాలం వెచ్చించను. నిమ్మతొక్కలు ఎండిపోయాక అవి కూడా చెత్తే. అల్ట్రాసోనిక్ యంత్రాల ధ్వని బల్లలనూ గోడలనూ దాటదు, ఎలుకలు దానికి త్వరలోనే అలవాటుపడతాయి. ఈ యంత్రాల గొప్పలకు శాస్త్రీయమైన ఆధారాలు ఉండాలని 2001లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అరవైకి పైగా తయారీదారులకూ అమ్మకందారులకూ హెచ్చరిక లేఖలు రాసింది. పిల్లిని పెంచమన్న సలహాకు కూడా జవాబు ఉంది: న్యూయార్క్ నగరంలో బ్రూక్లిన్‌లోని ఒక రీసైక్లింగ్ కేంద్రంలో కెమెరాలు పెట్టి చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, నెలల తరబడి తిరిగిన పిల్లులు చంపినట్టు నమోదైన ఎలుకలు రెండంటే రెండే. పిల్లి బదులు స్కేలు తీసుకోండి. ఆరు మిల్లీమీటర్ల సందులో చిట్టెలుక, పన్నెండు మిల్లీమీటర్ల సందులో ఎలుక దూరతాయి; పైపు చుట్టూ, షట్టరు కింద ఉన్న అటువంటి సందులను స్టీలు పీచు కూరి సిమెంటుతో మూయాలి, ఎందుకంటే ఒట్టి ఫోమును అవి కొరికేస్తాయి. ఎలుక పెంటికలను పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది కనుక, పలుచని బ్లీచింగ్ ద్రావణంతో ఐదు నిమిషాలు తడిపి, చేతికి తొడుగు వేసుకుని తుడవాలి. ఆ ద్రావణంలో ఇంకేదీ కలపకూడదని మళ్లీ చెప్పవలసిన అవసరం లేదనుకుంటాను.

ఏడో సూత్రం దగ్గర నేను ఆగిపోయాను. "చీమల బారు కనబడితే మందు కొట్టకండి, సబ్బు నీళ్లతో బారును తుడిచి, అవి ఎక్కడికి పోతున్నాయో చూసి ఆ వస్తువును తీసేయండి." ఇది అక్షరాలా నిజం. బారుకు దారి చూపే వాసన గుర్తును సబ్బు నీరు చెరిపేస్తుంది, అదే స్ప్రే కొడితే ఫారో చీమల వంటి కొన్ని రకాల్లో పుట్ట చీలి ఒకటికి నాలుగు అవుతుంది. ఈ ఒక్క సూత్రాన్ని విడిగా పంపి ఉంటే నేనే నలుగురికి పంపి ఉండేదాన్ని. నిలువెల్లా అబద్ధమైన సందేశంకంటే ఇలా మధ్యలో ఒక నిజం దాచుకున్న సందేశమే ఎక్కువమందిని ఒప్పిస్తుంది.

చివరిది తొమ్మిదోది, అందరికీ నచ్చేది: "శుభ్రత అందరి బాధ్యత కనుక వంతులూ పట్టికలూ అక్కర్లేదు, ఎవరి బల్ల వారు తుడుచుకుంటే చాలు." ఎవరి బల్ల మీదా పురుగులు కాపురం ఉండవు. అవి ఉండేది ఫ్రిజ్ వెనుక, సింకు కింద, చెత్తబుట్ట అడుగున, ఎవరివో తెలియని అట్టపెట్టెల దొంతరలో, ఏసీ నీళ్లు పడే తట్టలో. అంటే ఎవరిదీ కాని చోట్లలోనే. ఆ తట్టనే చూడండి: నీళ్లు పారబోస్తే చాలదు, డెంగీ దోమ గుడ్లు తట్ట గోడకు అంటుకుని నెలల తరబడి పొడిగానే బతికి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి కాబట్టి వారానికోసారి పీచుతో రుద్ది కడగాలి. "అందరూ" అనే సభ్యుడు ఆ తట్ట కడగగా ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ ఐదు చోట్లకూ ఐదు పేర్లు రాసి గోడకు అంటించాలి, వారం మారగానే పేర్లు మారాలి, ఊరు వెళ్లేవారు తమ బదులు ఎవరు చేస్తారో వెళ్లేముందే రాయాలి. తలుపు వేసే చివరి మనిషి సింకును పొడిగా తుడవాలి, చెత్తసంచిని బయట పెట్టాలి. ఆహారం లేకపోయినా బొద్దింక వారాల తరబడి నెట్టుకొస్తుంది, నీరు లేకపోతే అంతకాలం నిలవలేదు. పేరు లేని పెట్టెకు వారం గడువు ఇచ్చి, ఆ తరువాత పారేసే అధికారం ఆ వారం వంతు ఉన్నవారికే ఉండాలి. దాని కోసం మళ్లీ సమావేశం పెట్టకూడదు.