పదిహేను గజాల సంతోషం

సంతోషం అదుపు తప్పితే ఎంత నష్టమో మొన్న శుక్రవారం రాత్రి కళ్ళారా చూశాను. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వాళ్ళ లెక్కకి అందని అయిదో విధం ఒకటుంది. దాని కొలత 15 గజాలు.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. ఇక్కడ శుక్రవారం రాత్రి అంటే హైస్కూల్ ఫుట్‌బాల్. మావాడు ఆడడు, బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తాడు. దాని పెట్టె మోయడానికీ, దాన్ని తుడిచే గుడ్డ జేబులో పెట్టుకుని కూర్చోడానికీ నేను ప్రతి మ్యాచ్‌కీ హాజరవుతాను. తెలియనివాళ్ళకి ఒక మాట: ఇక్కడి ఫుట్‌బాల్‌కి కాలితో పెద్దగా పని లేదు. ఒకడు బంతి చంకలో ఇరికించుకుని పరిగెడతాడు, పదకొండు మంది వాణ్ణి కింద పడెయ్యాలని చూస్తారు. అందరినీ తప్పించుకుని అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు.

మా వీధి చివరింటి కుర్రాడు డిఫెన్సులో ముందు వరసలో నిలబడతాడు. భారీ మనిషి. ఎదుటివాణ్ణి తొయ్యడమే వాడి పని. మూడేళ్ళుగా తోస్తున్నాడు, ఒక్కసారి కూడా చేతికి బంతి తగల్లేదు. ఆ రాత్రి ఎదుటి జట్టువాడి చేతిలోంచి బంతి జారి, రెండుసార్లు ఎగిరి, వచ్చి వీడి పొట్టకి తగిలింది. ఎవరిదో పసిబిడ్డని ఒళ్ళో పెట్టినట్టు వీడు దానివైపు ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత పరుగు అందుకున్నాడు. ఆ పరుగు చూడ్డానికి అంత బాగాలేదు గానీ, గీత దాటాడు. దాటాక బంతిని రెండు చేతులతో పైకెత్తి, స్టాండ్స్‌లో వాళ్ళమ్మ ఎక్కడుందా అని వెతికాడు. ఆవిడ కనిపించగానే గెంతాడు. నాలుగు గెంతులు, నేను లెక్కపెట్టాను. నాలుగో గెంతు గాల్లో ఉండగానే పసుపు గుడ్డ కూడా గాల్లోకి లేచింది.

మనకి పసుపు గుడ్డ అంటే శుభం. ఇక్కడ రిఫరీ జేబులోంచి అది ఎగిరిందంటే తప్పు జరిగిందని అర్థం. టచ్‌డౌన్ దక్కింది గానీ, ఆటని మళ్ళీ మొదలెట్టే తన్ను, అంటే కిక్‌ఆఫ్, 15 గజాలు వెనకనుంచి కొట్టాల్సి వచ్చింది. నేరం: క్రీడాస్ఫూర్తికి విరుద్ధమైన ప్రవర్తన.

ఈ శిక్షని నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. నా బాధల్లా ఇది సగంలో ఆగిపోయిందనే.

ముందు చట్టం సంగతి చూద్దాం. అమెరికాలో చాలా రాష్ట్రాల హైస్కూళ్ళకి నిబంధనల పుస్తకం రాసేది ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే జాతీయ సమాఖ్య. మేముండే టెక్సస్ మాత్రం కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ వారి కాలేజీ పుస్తకాన్ని అనుసరిస్తుంది. ఈ రెండు సంస్థల ఆఫీసులూ ఇండియానాపోలిస్‌లోనే ఉన్నాయి. దేశం మొత్తమ్మీద పిల్లలు ఎంతవరకు సంతోషించవచ్చో ఒకే ఊళ్ళో తేలిపోతుందన్నమాట, రవాణా ఖర్చు కలిసొస్తుంది. ఆలస్యంగా గానీ, అతిగా గానీ, ఎక్కువసేపు గానీ ఆటగాడు జనం దృష్టిని తనవైపు తిప్పుకునే పని ఏదీ చెయ్యకూడదని నియమం. ఇంత చక్కటి వాక్యం ఒక ఆటకే పరిమితమైపోయిందే అని నాకు దిగులు. ఇదే వాక్యాన్ని మన సభల్లో, జ్ఞాపిక అందుకున్నాక మైకు వదలని ముఖ్య అతిథులకి వర్తింపజేస్తే భోజనాలు వేడిగా ఉండగానే వడ్డించొచ్చు.

ఇక మారకం రేటు. ఎదుటివాడి హెల్మెట్ ముందున్న ఇనుప జాలీ పట్టుకుని మెడ మెలితిప్పితే 15 గజాలు. తల్లిని చూసి నాలుగుసార్లు గెంతినా 15 గజాలే. పైగా సంబరం లాంటి తప్పు రెండోసారి చేస్తే ఆటలోంచే బయటికి పంపేస్తారు. జాలీ లాగినవాడికి, మరీ ఘోరంగా లాగితే తప్ప, ఆ భయం లేదు. మొదట నాకూ ఇది విడ్డూరంగా అనిపించింది. ఆలోచిస్తే న్యాయమే. మెడ నొప్పి ఒక్కడితో పోతుంది. సంతోషం అంటువ్యాధి.

దీన్ని మొదట్లోనే తుంచాలని కాలేజీ పుస్తకం 2011లో ఇంకో అడుగు ముందుకేసింది. గీత దాటిన తర్వాత గంతులేస్తే గజాలే పోతాయి. దాటకముందే మొదలెడితే టచ్‌డౌనే పోతుంది. ఆ ఏడాదే బోస్టన్ కథీడ్రల్ హైస్కూల్ మసాచుసెట్స్ ఫైనల్ ఆడింది. అప్పట్లో అక్కడా కాలేజీ పుస్తకమే. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపించేవాడు, బంతితో దూసుకుపోతూ, గీత ఇంకా ముందుండగానే ఒక చెయ్యి పైకెత్తాడు. అంతే, టచ్‌డౌన్ రద్దు. ఆ జట్టు 16-12తో ఓడింది. తేడా 4 పాయింట్లు, రద్దయినవి 6. ఆ అబ్బాయి చెయ్యి ఎంతసేపు పైన ఉందో ఎవరికైనా అనుమానముంటే వీడియోలు ఉన్నాయి. రెప్పవేస్తే కనబడదు.

అంతకు ముందు సంవత్సరం, 2010లో, వాషింగ్టన్ రాష్ట్రంలోని టమ్‌వాటర్ హైస్కూల్ కుర్రాడొకడు టచ్‌డౌన్ చేసి, మోకాలి మీద వంగి, వేలు ఆకాశంవైపు చూపించాడు. అదీ 15 గజాలే. ఇక్కడ చిన్న ధర్మసందేహం. తనవైపు దృష్టి తిప్పుకోవద్దంటే వాడు దేవుడివైపు తిప్పాడు. మరి గజాలు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

కోచ్‌లు పిల్లలకి ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది: గీత దాటినప్పుడు, అక్కడికి రోజూ వచ్చిపోయేవాడిలా ఉండాలట. గొప్ప మాటే, తప్పుపట్టలేం. మా వీధి కుర్రాడు పుట్టి పదహారేళ్ళు. అక్కడికి మొదటిసారి వచ్చాడు. మళ్ళీ వస్తాడన్న నమ్మకం వాళ్ళమ్మకి కూడా లేదు. అయినా సరే, రేషన్ షాపుకి వెళ్ళొచ్చినవాడిలా మొహం పెట్టుకుని బంతి రిఫరీ చేతికిచ్చి రావాలి. దీన్ని కొందరు అబద్ధం ఆడించడం అంటారు. వ్యక్తిత్వ వికాసం అనడం మర్యాద.

ఇదే ఆటలో కోట్లు సంపాదించే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళకి మాత్రం 2017లో నిబంధనలు సడలించారు. జట్టంతా కలిసి నాటకమాడొచ్చు, మంచులో వెల్లకిలా పడుకుని చేతులాడించొచ్చు, బంతితో వేషాలెయ్యొచ్చు. ఎందుకంటే వాళ్ళు పెద్దవాళ్ళు, తట్టుకోగలరు. టచ్‌డౌన్ చేసి బంతిని నేలకేసి కొట్టడాన్ని స్పైక్ అంటారు. అదీ వాళ్ళకి ఒప్పే, పిల్లలకి తప్పు. అసలు స్పైక్ పుట్టిందే జరిమానా పుణ్యాన. బంతిని ప్రేక్షకుల్లోకి విసిరితే డబ్బు కట్టాలన్నారని, న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు హోమర్ జోన్స్ 1965లో దాన్ని నేలకేసి కొట్టాడు. ఒక చోట మూత పెడితే ఇంకో చోట పొంగుతుందని అప్పుడే తెలిసినా, మూతలు పెట్టడం ఎవరూ మానలేదు.

క్రికెట్ పెద్దలు ఈ విషయంలో ఎంత వెనకబడి ఉన్నారో తల్చుకుంటే సిగ్గేస్తుంది. 2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 మీదున్నాడు. అవతలి ఎండ్‌లో ఆఖరి బ్యాట్స్‌మన్, మన హైదరాబాద్ సిరాజ్. కమిన్స్ వేసిన మూడు బంతులకి సిరాజ్ అడ్డం నిలబడ్డాడు. ఆ మూడు బంతులూ ఎలా గడిచాయో నన్నడక్కండి, ఇక్కడ అది అర్ధరాత్రి, మా ఆవిడ దిండు నా పళ్ళ మధ్య ఉంది. తర్వాత నితీశ్ ఫోర్ కొట్టి, మోకాలి మీద కూర్చుని, బ్యాటు నిలబెట్టి, దానిమీద హెల్మెట్ తగిలించాడు. స్టాండ్స్‌లో వాళ్ళ నాన్న ఏడుస్తున్నాడు. ఇండియానాపోలిస్ లెక్క ప్రకారం, మైదానంలో హెల్మెట్ తీయడం ఒక తప్పు, అతిగా దృష్టి తిప్పుకోవడం రెండో తప్పు. రెండయ్యాయి కాబట్టి కుర్రాడు బయటికి. ఏడ్చినందుకు వాళ్ళ నాన్న మీద ఎన్ని గజాలో పుస్తకంలో లేదు. చేర్చాలి.

ఇదంతా చదివి నేను జాలి లేనివాణ్ణని అనుకోకండి. మా నాన్నగారి దగ్గర శిక్షణ పొందినవాణ్ణి. నా టెన్త్ రిజల్ట్స్ పేపర్లో వచ్చిన రోజు, నా నంబరు కనబడగానే వీధి వసారాలో నిలబడి ఒక్క కేక పెట్టాను. నాన్నగారు వచ్చి అరచేత్తో నా నోరు మూసి, అలాగే వంటింట్లోకి నడిపించుకుపోయి తలుపేశారు. పక్కింటి అబ్బాయి నంబరు పేపర్లో లేదు. ఆయన అది ముందే చూశారు. తలుపు వెనక మా అమ్మ నోట్లో ఇంత పంచదార పోసింది, నాన్నగారు నా వీపు మీద కొట్టిన చరుపుకి అందులో సగం బయటికొచ్చింది. ఓడినవాడి మొహం మీద గంతులెయ్యకూడదన్నది ఇందుకే. ఆ నియమానికి ఎదురు చెప్పేవాణ్ణి కాను. కాకపోతే నాన్నగారు పక్కింటివైపు చూసి నా నోరు మూశారు. ఈ గుడ్డకి కళ్ళుండవు. మా వీధి కుర్రాడు ఎదుటి జట్టువాళ్ళలో ఒక్కణ్ణీ చూడలేదు, వాడు చూసింది వాళ్ళమ్మని. అయితేనేం. చట్టం ముందు అమ్మలందరూ సమానం.

ఇప్పుడు ఆ మిగిలిన సగం గురించి. గుడ్డ నేలమీద పడి ఉన్నంతసేపూ నేను చుట్టూ చూశాను. బ్యాండు బ్యాండంతా లేచి స్కూలు పాట వాయిస్తోంది, మావాడు ట్రాంబోన్ గొట్టాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ ఊగిపోతున్నాడు. ఛీర్‌లీడర్లు ఎన్ని పాయింట్లొస్తే అన్ని పుషప్‌లు తీస్తున్నారు. స్కోర్‌బోర్డు మీద వీడియోలో నిప్పులు ఎగిరాయి. నా ముందు వరసలో ఒక పెద్దమనిషి చొక్కా విప్పి తిప్పుతున్నాడు. ఆలస్యం, అతి, ఎక్కువసేపు, మూడూ ఉన్నాయి. మా చుట్టుపక్కల అలెన్ అనే ఊళ్ళో 2012లో సుమారు 6 కోట్ల డాలర్లతో, 18,000 మంది కూర్చునే హైస్కూల్ స్టేడియం కట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు బీటలు వారి మూసేసి, బాగుచేసి తెరిచారు. అన్ని కోట్లు పెట్టి జనం దృష్టి తిప్పుకుంది ఎవరు? దానికి గజాలు వెయ్యలేదే? సంబరానికి బడ్జెట్ ఉంది, బ్యాండు ఉంది, యూనిఫారం ఉంది. ఆ మైదానం మొత్తంలో సంబరపడే అధికారం లేనివాడు ఒక్కడే, బంతి తెచ్చినవాడు.

కాబట్టి నా డిమాండు: గుడ్డలు పెంచాలి. స్టాండ్స్‌లో వరసకొక రిఫరీ ఉండాలి. బ్యాండుకి 15, ఛీర్‌లీడర్లకి 15, చొక్కా విప్పినాయనకి 30. మావాడి మీద కూడా వెయ్యండి, పెట్టె నేనే మోస్తాను.

మ్యాచ్ అయ్యాక పార్కింగ్‌లో ఆ తల్లీకొడుకులు కనిపించారు. సోమవారం ప్రాక్టీసులో అదనంగా పరుగులు తీయించబోతున్నారని కుర్రాడు బుద్ధిగా చెప్పాడు. వాళ్ళమ్మ నర్సు, డ్యూటీ మార్చుకుని వచ్చింది. టచ్‌డౌన్‌ని ఫోన్లో తీశానని చూపించింది. చూశాను. మొదట కొంచెం మైదానం, తర్వాత ఫ్లడ్‌లైట్లు, ఎవరివో చెప్పులు, మళ్ళీ ఫ్లడ్‌లైట్లు, వాటి వెనక ఒకటే కేక. కొడుకు ఎక్కడా లేడు. గెంతింది ఆవిడే, అదీ నాలుగు కంటే చాలా ఎక్కువ సార్లు.

పౌరుడిగా నా బాధ్యత గుర్తొచ్చి జేబులో చెయ్యి పెట్టాను. ట్రాంబోన్ తుడిచే గుడ్డ తగిలింది. అది పసుపురంగుదేనని అప్పుడే గమనించాను. పూర్తిగా బయటికి లాగేలోపే ఆవిడ వీడియో మళ్ళీ మొదటినుంచి పెట్టింది.