మైకు ముందు, శాలువా తర్వాత

ఓరుగల్లులో ఏ సన్మాన సభకు పోయినా ఒకటే వరస. జ్యోతి వెలిగిస్తారు. వేదిక మీది పెద్దలు తలా పది నిమిషాలు మాట్లాడతారు. కళాకారుడికి శాలువా కప్పి, చేతిలో మెమెంటో పెట్టి ఫొటోకు నిలబెడతారు. సగం కుర్చీలు ఖాళీ అయ్యాక 'రెండు ముక్కలు చెప్పండి' అని మైకు ఇస్తారు. అరవై ఏండ్లు డోలు కొట్టిన మనిషి గొంతు సవరించుకుని అంటాడు: 'నాదేం లేదు. అంతా గురువు దయ, మీ అందరి ఆశీర్వాదం.' చప్పట్లు కొడతారు. ఎంత వినయమో అని మెచ్చుకుంటారు. సభ ముగుస్తుంది.

ఆ వినయాన్ని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఆ 'నాదేం లేదు' అన్న మాట వల్ల ఉత్తర తెలంగాణ సంగీతం చాలా పోగొట్టుకుంది. పాటగాడు తన పాట గురించి, తాను కొత్తగా చేసినదాని గురించి, తన తర్వాత ఏం మిగలాలన్నదాని గురించి నలుగురిలో మాట్లాడొచ్చా అన్న చర్చ ఎప్పుడూ ఉన్నదే. పాటే మాట్లాడాలి, మనిషి మాట్లాడొద్దని చాలామంది పెద్దలంటారు. మనిషి కూడా మాట్లాడాలని మేమంటాం. బతికుండగానే, నలుగురి ముందే.

ఇలా అనడానికి మాకు సొంత కారణం ఉంది. పల్లె కళాకారుడు ఒకాయన పోయాడని రాత్రి తొమ్మిదింటికి మా పత్రిక డెస్కుకు ఫోన్ వస్తుంది. ఎడిషన్ టైం దగ్గరపడుతుంటుంది. రిపోర్టర్ ఆ ఇంటికి ఫోన్ కలుపుతాడు. వయసెంత? 'ఎనభైకి అటో ఇటో.' ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? 'వాళ్ల మేనమామ దగ్గర అనుకుంట.' ఎన్ని కథలు వచ్చు? అవతల కొడుకు కాసేపు మాట్లాడడు. 'చానా వచ్చు సార్. మేం ఎన్నడూ అడగలే.' తెల్లారి పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి: ప్రముఖ కళాకారుడు, తీరని లోటు. ఏం పోయిందో తెలియకుండానే తీరని లోటని రాసేశాం. ఇందులో మా తప్పూ ఉంది. ఆయన కథ చెబుతున్న రోజుల్లో ఆ ఊరికి ఎన్నిసార్లు పోయామో లెక్క చూసుకుంటే సిగ్గేస్తుంది.

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథమూ, రామప్ప గుడి మీది శిల్పాలూ ఉన్నాయి కాబట్టే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టగలిగారు. అదే జాయప గీతరత్నావళి, వాద్యరత్నావళి అని మరో రెండు గ్రంథాలు రాశాడంటారు. ఆ రెండూ దొరకలేదు. కాకతీయుల కాలంలో అడుగు ఎలా పడిందో కొంతైనా చెప్పగలం. గొంతు ఎలా పలికిందో, డోలు మీద ఏ దరువు నడిచిందో చెప్పలేం. పాల్కురికి సోమన తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని ఆనాటి జనం పాటలను పేరుపేరునా చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. ఆ పదాల పేర్లు మిగిలాయి. పాడిన వాళ్ల పేర్లు మిగల్లేదు.

శిల్పి రామప్ప ఏం మాట్లాడాడు, అయినా గుడి ఆయన పేరు మీదే నిలిచింది కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే. 1213లో ఆ గుడి కట్టించింది రేచర్ల రుద్రుడైతే, జనం నోట నిలిచింది మాత్రం శిల్పి పేరు. కానీ అది రాయి. ఎండకూ వానకూ ఓర్చుకుని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చేదాకా ఎనిమిది వందల ఏండ్లు అక్కడే ఉంది. దరువుకు అంత ఓపిక లేదు. కొట్టిన చేయి చల్లబడిన రోజే అదీ పోతుంది.

తన గురించి తాను చెప్పుకుంటే 'తన డప్పు తాను కొట్టుకుంటున్నాడు' అంటాం. ఆ మాట ఎంత అలవోకగా అనేస్తామో! డప్పు కొట్టడాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లు అలా అనలేరు. గడ్డి మంట ముందు కూర్చుని డప్పును కాస్తారు. వేలితో మీటి చూస్తారు. బిగువు చాలకపోతే మళ్లీ సెగ చూపిస్తారు. కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. పెండ్లికి ఒక దరువు, జాతరకు ఒక దరువు, చావుకు ఇంకొకటి. ఊళ్లో ఏ కబురైనా చాటింపు వేసింది ఆ డప్పే. అందరి కబురూ చాటిన మనిషి తన కబురు చెప్పుకుంటే మాత్రం తప్పయింది.

మా అభ్యంతరం అసలు ఇక్కడే. వినయంగా ఉండాలన్న నియమం అందరికీ ఒకేలా లేదు. సినిమా సంగీత దర్శకుడు తన ట్యూన్ల గురించి గంటసేపు ఇంటర్వ్యూ ఇస్తే ఆసక్తిగా వింటాం. వినాల్సిందే, అందులో నేర్చుకునేది ఉంటుంది. అదే పని డోలు దరువు మీద మల్లన్న కథలు చెప్పే ఒక ఒగ్గు కథకుడు చేస్తే, నాట్ల పాటలు పాడే ఒక అమ్మ చేస్తే 'ఏందీ గొప్పలు' అంటాం. ఆడవాళ్ల విషయంలో మరీ అన్యాయం. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాట ఎత్తుకునే మనిషి వాడకట్టుకు ఒకరుంటారు. ఆమె ఎత్తుకుంటేనే మిగతా వాళ్లు అందుకుంటారు. ఏ పాట తర్వాత ఏ పాటో, ఎక్కడ ఏ పేరు కలపాలో, ఎక్కడ లయ పెంచాలో అంతా ఆమెకే తెలుసు. నీ పాట గురించి చెప్పమ్మా అంటే నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

అలా నవ్వి ఊరుకోని వాళ్లూ ఉన్నారు. చిందు యక్షగానం ఆడిన నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ అక్షరం రాకపోయినా తన ఆట, తన బతుకు తన నోటితోనే చెప్పింది. అది పుస్తకమై మనకు మిగిలింది. రేబర్తిలో పుట్టిన పాటల కవి అందెశ్రీ, బడి మెట్లెక్కకుండా పశువులు కాసిన రోజుల గురించి, తాపీ పని చేసిన రోజుల గురించి దాచుకోకుండా చెప్పుకుంటూ వచ్చారు. 2025 నవంబర్ 10న ఆయన కన్నుమూసినప్పుడు ఆయన ఎక్కడి నుంచి వచ్చారో ఎవరూ వెతుక్కోవాల్సిన పని పడలేదు. వాళ్లిద్దరూ గొప్పలకు పోయారని ఎవరం అనగలం?

సకిని రామచంద్రయ్యను గుర్తు చేసుకుంటే మనసు బరువెక్కుతుంది. మణుగూరు మండలం కూనవరం మనిషి. కోయల డోలి గాయకుడు. సమ్మక్క-సారలమ్మల కథను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన వాడు. మేడారానికి లక్షల మంది బెల్లం మోసుకొస్తారు. ఆ తల్లుల కథను వంశాల పేర్లతో సహా నోటి మీద నిలుపుకున్నది మాత్రం డోలు భుజాన వేసుకుని తిరిగిన డోలి వాళ్లు. రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. దేశం ఆయన వైపు చూశాక మిగిలింది రెండేండ్లు. ఆ రెండేండ్లలో ఆయన చేత ఎన్ని గంటలు మాట్లాడించామన్నది ప్రభుత్వమూ, యూనివర్సిటీలూ, మా లాంటి పత్రికలూ ఎవరికి వారు వేసుకోవాల్సిన ప్రశ్న.

నలుగురిలో చెప్పుకోవడం వల్ల ఇంకో మేలుంది. చెప్పింది తప్పయితే అప్పుడే ఎవరో ఒకరు లేచి కాదంటారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కొన్ని రాగాలు తాను సృష్టించానని చెప్పుకుంటే, వీణ ఎస్. బాలచందర్ గట్టిగా ఎదురు నిలిచారు. రాగాన్ని మనిషి సృష్టిస్తాడా, ఉన్నదాన్నే కనుక్కుంటాడా అని పెద్ద వాదమే నడిచింది. ఇద్దరూ మహా విద్వాంసులు, ఇద్దరూ బతికుండగానే ఎదురెదురుగా వాదించుకున్నారు. ఎవరిది రైటో ఇప్పటికీ ఎవరికి తోచింది వాళ్లంటారు. కానీ ఎవరేమన్నారో నమోదైంది. మనిషి పోయాక శిష్యులు చెప్పే కథల్ని కాదనేందుకు ఆ మనిషే ఉండడు.

ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, వరంగల్ చుట్టుపక్కల నుంచి యూట్యూబ్‌లో జానపదాలు వెల్లువలా వస్తున్నాయి. కోట్ల వ్యూస్ వచ్చిన పాటలున్నాయి. మంచి గొంతులున్నాయి, మాకు సంతోషమే. కానీ వీడియో కింద 'సాహిత్యం: సేకరణ' అని ఉంటుంది చూడండి, ఆ ఒక్క మాట దగ్గర మేము ఆగిపోతాం. ఎవరి దగ్గర సేకరించారు? ఏ ఊళ్లో, ఏ అమ్మ నాట్లేస్తూ పాడితే ఫోన్లో రికార్డు చేసుకున్నారు? అదీ లేకుండా 'రచన' అని తన పేరే వేసుకున్నవాళ్లున్నారు. ఒకే పల్లవి మీద రెండు చానళ్లు కాపీరైట్ స్ట్రైకులు వేసుకున్న గొడవలూ వింటున్నాం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక సినిమా పాట రాసినవాళ్లకు, ట్యూన్ కట్టినవాళ్లకు రాయల్టీ హక్కు గట్టిపడింది. నాట్ల పాట నేర్పిన అమ్మకు ఏ చట్టం ఏమిస్తుంది? కనీసం ఆమె పేరైనా వేయాలి. పాడిన పిల్లలు 'ఈ పాట మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నా, చరణం నేను కలిపిన' అని నోరు తెరిచి చెబితే అమ్మమ్మ పేరు నిలుస్తుంది, వాళ్ల పనితనమూ తెలుస్తుంది.

మేము కోరే మాటలు ఇలాంటివే. ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఎలా నేర్చుకున్నావు, ఎక్కడ మార్చావు, ఎందుకు మార్చావు, నువ్వు నేర్చుకున్నదాంట్లో ఇప్పుడు ఎవరికీ రానిదేంటి? ఇవి పాటగాడు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఇక నా తర్వాత నా అంతటోడు లేడు, ఈ ట్రెండ్ తెచ్చింది నేనే అని ముద్ర వేసుకోవడం, ఫ్లెక్సీ మీద బిరుదులు రాయించుకోవడం మాకు నచ్చదు. తన పని గురించి పాటగాడు చెప్పాలి. తన స్థానం ఏంటో విన్నవాళ్లు చూసుకుంటారు.

నిజానికి ఇది మన నేలకు కొత్త అలవాటు కూడా కాదు. చిందు మేళాలకు, బొమ్మల పటం చూపిస్తూ కథలు చెప్పేవాళ్లకు ఫలానా ఊళ్లు ఫలానావాళ్లవని మిరాశీ లెక్క ఉండేది. మా తాత ఈ ఊళ్లో ఆడాడు, మా నాయన ఆడాడు, ఇప్పుడు నేను వచ్చానని చెప్పుకుంటేనే ఊరు కట్నం పెట్టేది. వారసత్వం చెప్పుకోవడం వాళ్లకు బతుకుతెరువు. అందులో సిగ్గుపడేదేమీ లేకుండే.

కాబట్టి సన్మానం చేసేవాళ్లను ఒకటి అడుగుతున్నాం. వరస మార్చండి. కళాకారుడి చేతికి మైకు ముందు ఇవ్వండి, జనం ఉన్నప్పుడే. అరగంట ఇవ్వండి. పెద్దల ప్రసంగాలు, శాలువా ఆ తర్వాత. ప్రభుత్వం కూడా అవార్డుతో పాటు పది రోజుల రికార్డింగ్ పెట్టుకోవాలి. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పతకంతో ఊరుకోకుండా, ఆయనకు వచ్చిన ఆటలన్నిటినీ, వాటి గురించి ఆయన చెప్పే మాటలనూ కలిపి దాచాలి. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞానపీఠం వరంగల్‌లోనే ఉంది. ఆకాశవాణి కేంద్రమూ ఉంది. ఈ పని వాళ్లు చేయొచ్చు. మాణిక్యాపురం చుక్క సత్తయ్య 2017లో పోయినప్పుడు ఒగ్గు కథకు పెద్ద దిక్కు పోయిందని అందరం రాశాం. ఆయన తరంలో ఇంకా మిగిలినవాళ్లు జిల్లాల్లో అక్కడక్కడా ఉన్నారు.

సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు పూజారులు దేవుడి ముందు రంగుల ముగ్గులతో పట్నాలు వేస్తూ కనబడతారు. పగలంతా తీరిక ఉండదు. రాత్రి పొద్దుపోయాక, డోలు పక్కన పెట్టి చలిమంట దగ్గర కూర్చుంటారు. చదువుకునే పిల్లలు నలుగురు ఫోన్లు ఫుల్ చార్జింగ్ పెట్టుకుని అప్పుడు పోతే చాలు. 'తాతా, ఈ దరువు నీకు ఎవరు నేర్పిండ్రు?' అని అడగాలి. 'నాదేం లేదు బిడ్డా' అంటాడు. అక్కడే కూర్చుని మళ్లీ అడగాలి.