సవరణ: ఆయిలర్ శ్రేణిని ఏ దిశల్లో కూడవచ్చు?

ఎక్స్²·వై′ + వై = ఎక్స్ సమీకరణానికి వచ్చే శ్రేణిని బోరెల్ పద్ధతిలో (గుణకాల్లోని ఫాక్టోరియల్‌ను తీసేసి కూడి, వచ్చినదాన్ని సంకీర్ణ తలంలో సున్నా నుంచి ఒక దిశలో సమాకలనం చేసి మొత్తాన్ని రాబట్టే పద్ధతి) ఏ దిశలోనైనా కూడవచ్చని గత పోస్టులో ఉంది. "ఋణ వాస్తవ దిశలో తప్ప" అని చేర్చి చదవండి.

శ్రేణి ఇది: ఎక్స్ − ఎక్స్² + 2ఎక్స్³ − 6ఎక్స్⁴ + … ఎక్స్¹¹ గుణకమే 36,28,800. ఎక్స్ = 0 అయితే తప్ప ఎక్కడా అభిసరించదు, అంటే మొత్తం ఒక విలువకు చేరదు. గుణకాల్లోని ఫాక్టోరియల్‌ను తీసేస్తే మిగిలేది 1 − టి + టి² − …, అంటే 1/(1+టి). దీనికి టి = −1 దగ్గర ధ్రువం ఉంది (అక్కడ విలువ అనంతమవుతుంది), అందుకే సమాకలనాన్ని నేరుగా ఋణ దిశలో నడపలేం. పక్కకు కాస్త తప్పించి పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి వెళ్తే రెండు వేర్వేరు సాధనలు వస్తాయి. వాటి తేడా ఈ^(1/ఎక్స్)కు స్థిర గుణిజం. ఎక్స్ ఋణ దిక్కునుంచి సున్నాకు చేరేటప్పుడు ఆ తేడా ఏ ఘాతశ్రేణికీ చిక్కనంత చిన్నది. దిశ ఒక గీతను దాటగానే మొత్తం ఇలా మారిపోవడమే స్టోక్స్ దృగ్విషయం; నా దృష్టిలో ఈ సమీకరణంలోని అసలు అందమూ ఇదే.